అప్‌డేట్ సర్వర్‌లో సగం కంప్యూటర్లు కనబడటం లేదు, సర్వర్ మళ్ళీ ఇన్‌స్టాల్ చేయాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఆఫీసులో 60కి పైగా విండోస్ కంప్యూటర్లున్నాయి, డబ్ల్యూసస్ (ఆఫీసు కంప్యూటర్లన్నిటికీ విండోస్ అప్‌డేట్లు పంచే మైక్రోసాఫ్ట్ సర్వర్) కన్సోల్‌లో పాతిక దాటి కనబడటం లేదు, కనబడినవాటిలోనూ కొన్ని ‘ఇంకా రిపోర్ట్ చేయలేదు’ అంటున్నాయి, ఆ మెషీన్లు సప్లై చేసిన వెండరేమో సర్వర్‌లో ఆ రోల్ (డబ్ల్యూసస్ ఇన్‌స్టలేషన్) పీకేసి మళ్ళీ వేద్దాం అంటున్నాడు.

పీకనివ్వకండి. నాకు తెలిసినంతలో ఈ జబ్బు పదిసార్లు వస్తే ఎనిమిదిసార్లు సర్వర్ ఇన్‌స్టలేషన్‌లో ఉండదు. మళ్ళీ వేశారనుకోండి, రాత్రంతా మైక్రోసాఫ్ట్‌తో సింక్ అవుతుంది, ఏ అప్‌డేట్ ఇవ్వాలో అప్రూవల్స్ మొదటినుంచీ చేసుకోవాలి, చివరికి అదే పాతిక కంప్యూటర్లు తిరిగొస్తాయి. నేను ఆ పని ఒకసారి చేసి, ఒక శని ఆదివారం పోగొట్టుకున్నవాణ్ణి.

(కమాండ్లూ రిజిస్ట్రీ పేర్లూ పలికే తీరులోనే రాస్తున్నాను. స్పెల్లింగ్ మీకు తెలిసినవే.)

ముందు ఒక చిన్న విషయం తేల్చుకోండి. కన్సోల్‌లో ‘ఆల్ కంప్యూటర్స్’ తెరిచినప్పుడు పైన స్టేటస్ దగ్గర ‘ఫెయిల్డ్ ఆర్ నీడెడ్’ అని ఉంటుంది. దాన్ని ‘ఎనీ’కి మార్చి రిఫ్రెష్ నొక్కారా? అది మార్చకపోతే అన్నీ సక్రమంగా ఉన్న కంప్యూటర్లు లిస్టులోకే రావు. నవ్వొస్తుంది గానీ, ఇలాంటి ఫిర్యాదు మీద నేను వెళ్ళిన ఒక చోట జబ్బు మొత్తం ఇదే.

అది కాదని తేలాక లెక్క వేయండి. మొత్తం ఎన్ని, కన్సోల్‌లో ఎన్ని, కనబడనివి ఎప్పుడు కొన్నవి, వాటిలో విండోస్ ఎవరు ఎలా వేశారు. నా కథలో అసలు గుట్టు ఈ లెక్కలోనే బయటపడింది.

2019 డిసెంబరు. విజయవాడలో ఒక ప్రైవేటు కంపెనీలో సిస్టమ్స్ చూసేవాణ్ణి. 2020 జనవరి 14తో విండోస్ 7కి సపోర్ట్ ఆగిపోతుందని హడావిడిగా 40 కొత్త మెషీన్లు కొన్నారు. పాతవి 46. మొత్తం 86. కన్సోల్‌లో మాత్రం 47. ఫైర్‌వాల్ చూశాను, పాలసీ చూశాను, క్లయింట్ మెషీన్లలో (సర్వర్ నుంచి అప్‌డేట్లు తీసుకునేవాటిలో) సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్ ఫోల్డర్ పేరు మార్చి చూశాను, సర్వర్ రోల్ పీకి మళ్ళీ వేశాను (పైన చెప్పిన శని ఆదివారాలు ఇవే). సోమవారం పొద్దున చూస్తే మళ్ళీ 47.

గుట్టు పట్టింది నేను కాదు, మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాడు. నా వెనక నిలబడి టీ తాగుతూ కన్సోల్ చూస్తున్నాడు. నేను రిఫ్రెష్ కొడుతూ కూర్చున్నాను. ‘సార్, ఇందాక అకౌంట్స్ 14 కదా ఉంది, ఇప్పుడు అకౌంట్స్ 31 ఎట్టా అయింది?’ అన్నాడు. పట్టించుకోలేదు. ఇంకో పది నిమిషాలకి అదే వరసలో 31 పోయి స్టోర్స్ 3 వచ్చింది. సంఖ్య 47 దగ్గరే ఉంది, పేరు మాత్రం మారుతోంది. అప్పుడు వెలిగింది. పాతవి 46, కొత్తవి నలభైకి నలభై కలిపి ఒక్కటి.

వెండర్ ఒక మెషీన్‌లో విండోస్ వేసి, ఆఫీస్, యాంటీవైరస్, టాలీ అన్నీ సర్ది, ఆ హార్డ్‌డిస్క్‌ని మిగతా 39కి క్లోన్ కొట్టాడు. సిస్‌ప్రెప్‌తో జనరలైజ్ చేయలేదు, అంటే ఆ ఒక్క మెషీన్‌కే చెందిన గుర్తులు చెరపలేదు. డబ్ల్యూసస్ సర్వర్ కంప్యూటర్‌ని గుర్తుపట్టేది పేరుని బట్టి కాదు. ప్రతి మెషీన్ రిజిస్ట్రీలో సస్‌క్లయింట్‌ఐడీ అని ఒక పొడుగాటి నంబరుంటుంది, దాన్ని బట్టి. ఒకే రేషన్ కార్డు నంబరు మీద నలభై ఇళ్ళవాళ్ళు సరుకులకొస్తే డీలరు పుస్తకంలో ఎవరి పేరుంటుంది? ఆఖరున వచ్చినవాడిది. ఇక్కడా అంతే. ఎవరు చివరగా పలకరిస్తే ఆ పేరే కనబడుతుంది, మిగతా 39 కన్సోల్‌కి లేనట్టే.

రెండు కొత్త మెషీన్లలో రిజిస్ట్రీ తెరిచి, ఆ నంబరుని ఒకడు పైకి చదువుతుంటే ఇంకొకడు తన స్క్రీన్ మీద వేలుపెట్టి పోల్చుకున్నాం. మొదటి ఎనిమిది కలిశాయి, తర్వాత నాలుగు, తర్వాత నాలుగు. చివరి అక్షరం దాకా ఒకటే.

మీరూ ఈ పరీక్ష చేయండి, ఐదు నిమిషాల పని. లోకల్ మెషీన్ కింద సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, కరెంట్ వెర్షన్, విండోస్ అప్‌డేట్. ‘పాలసీస్’ అనే కొమ్మలోనూ విండోస్ అప్‌డేట్ ఉంటుంది, అది వేరు, అక్కడ వెతికితే ఈ నంబరు దొరకదు. కనబడని రెండు మెషీన్లలో నంబరు ఒకటే అయితే మందు ఇదీ: విండోస్ అప్‌డేట్ సర్వీస్ ఆపండి, సస్‌క్లయింట్‌ఐడీని, దాని పక్కనే ఉండే సస్‌క్లయింట్‌ఐడీ వాలిడేషన్‌ని డిలీట్ చేయండి, సర్వీస్ స్టార్ట్ చేయండి, రీసెట్‌ఆథరైజేషన్ కమాండ్ ఇచ్చి స్కాన్ మొదలుపెట్టండి. కొత్త నంబరు దానంతటదే పుడుతుంది.

ఇక్కడ నేను చేసిన తప్పు కూడా చెప్తాను, మీరు చేయకుండా. నలభై సీట్ల చుట్టూ తిరగడం బద్ధకమేసి ఈ పనంతా స్టార్టప్ స్క్రిప్ట్‌గా రాసి గ్రూప్ పాలసీలో (ఆఫీసు మెషీన్లన్నిటికీ ఒకేచోటి నుంచి సెట్టింగ్స్ పంపే ఏర్పాటులో) పెట్టాను. మర్నాటికి 80 దాటాయి, స్వీట్లు తెప్పించుకుని తిన్నాం. ఆ మర్నాడు మళ్ళీ ‘ఇంకా రిపోర్ట్ చేయలేదు’ల వరస. స్క్రిప్ట్ ప్రతి బూట్‌కీ నడిచి ప్రతి పొద్దునా కొత్త నంబరు పుట్టిస్తోంది మరి! పని అయిపోయాక ఒక ఖాళీ ఫైలు పెట్టి, అది ఉంటే మళ్ళీ నడవకుండా స్క్రిప్ట్‌లో ఒక షరతు పెట్టాను. సర్దుకుంది.

స్కాన్ గురించి ఒక మాట. వెబ్‌లో దొరికే పాత సలహాలన్నీ డిటెక్ట్‌నౌ కొట్టమంటాయి. విండోస్ 7లో అది పనిచేసేది. విండోస్ 10 నుంచి దాన్ని నమ్ముకోకండి. ఎర్రర్ ఏమీ చూపించదు, పని జరిగిందనుకుంటాం, జరగదు. యూఎస్‌ఓ క్లయింట్‌కి స్టార్ట్‌స్కాన్ ఇవ్వండి, లేదా సెట్టింగ్స్‌లోకి వెళ్ళి చెక్ ఫర్ అప్‌డేట్స్ నొక్కండి. నొక్కిన వెంటనే కన్సోల్‌లో రాదు. స్కాన్ వేరు, రిపోర్ట్ వేరు. రిపోర్ట్ కాస్త ఆలస్యంగా, తీరిగ్గా వెళ్తుంది. అరగంట వదిలేసి భోంచేసి రండి. ఏమీ ముట్టుకోకపోతే మామూలుగా క్లయింట్ 22 గంటలకోసారి సర్వర్‌ని పలకరిస్తుంది, అందులోనూ కొంత ముందూ వెనకా ఉంటుంది. కాబట్టి ఇవాళ మార్చినదాని ఫలితం రేపు చూడటమే మర్యాద.

నంబర్లు వేర్వేరుగా ఉన్నాయనుకోండి, అప్పుడు మెషీన్‌కి పాలసీ అందిందా లేదా చూడాలి. అడ్మిన్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి జీపీరిజల్ట్ కొడితే కంప్యూటర్ విభాగంలో మీ అప్‌డేట్ పాలసీ పేరు కనబడాలి. కొత్త మెషీన్‌ని డొమైన్‌లో చేర్చగానే అది యాక్టివ్ డైరెక్టరీలో ‘కంప్యూటర్స్’ అనే కంటెయినర్‌లో పడుతుంది. అది ఓయూ (ఆర్గనైజేషనల్ యూనిట్, పాలసీ తగిలించగల విభాగం) కాదు, దానికి పాలసీ లింక్ చేయడం కుదరదు. చేర్చినవాళ్ళు దాన్ని సరైన ఓయూలోకి జరపడం మర్చిపోతే ఆ మెషీన్‌కి అసలు మీ సర్వర్ ఉందనే తెలియదు, నేరుగా మైక్రోసాఫ్ట్ నుంచి అప్‌డేట్లు దించుకుంటూ హాయిగా ఉంటుంది. పాలసీలో సర్వర్ అడ్రసుకి రెండు గళ్ళుంటాయి, ఒకటి అప్‌డేట్లకి, ఒకటి స్టాటిస్టిక్స్‌కి. రెండింటిలోనూ ఒకే అడ్రసు ఉండాలి, పోర్ట్ నంబరుతో సహా. సర్వర్ 2012 నుంచి డిఫాల్ట్ పోర్ట్ 8530, ఎస్‌ఎస్‌ఎల్ అయితే 8531. పాత సర్వర్ 80 మీద నడిచి, కొత్తదానికి మారినప్పుడు 8530 రాయడం మరిచిపోయిన ఆఫీసులు బోలెడు.

పాలసీ అందింది, అయినా రావట్లేదంటే ఆ మెషీన్‌లోనే బ్రౌజర్ తెరిచి సర్వర్ పేరు, పోర్ట్, ఆ తర్వాత క్లయింట్‌వెబ్‌సర్వీస్ ఫోల్డర్‌లోని క్లయింట్ డాట్ ఏఎస్‌ఎంఎక్స్ ఫైలు అడ్రసు కొట్టి చూడండి. పేజీ వస్తే దారి ఉన్నట్టు. బ్రౌజర్‌లో వచ్చి అప్‌డేట్ మాత్రం ఆగిపోతోందంటే ప్రాక్సీని (నెట్‌వర్క్‌లో మధ్యవర్తి సర్వర్‌ని) అనుమానించండి. బ్రౌజర్ నడిచేది మీ లాగిన్ మీద, అప్‌డేట్ సర్వీస్ నడిచేది సిస్టమ్ అకౌంట్ మీద, ఇద్దరి ప్రాక్సీలూ ఒకటి కానక్కర్లేదు. నెట్‌ష్‌లో విన్‌హెచ్‌టీటీపీ షో ప్రాక్సీ కొడితే రెండోదాని సంగతి తెలుస్తుంది. 8531 వాడుతుంటే టాస్క్‌బార్‌లో తేదీ కూడా చూడండి. మదర్‌బోర్డు మీద బిళ్ళ బ్యాటరీ అయిపోయి తేదీ వెనక్కిపోతే సర్టిఫికెట్ చెల్లదంటుంది.

లాగ్ విషయం. విండోస్ 10 నుంచి విండోస్ ఫోల్డర్‌లోని అప్‌డేట్ లాగ్ ఫైలు తెరిస్తే రెండు ముక్కలు తప్ప ఏమీ ఉండవు. పవర్‌షెల్‌లో గెట్ విండోస్‌అప్‌డేట్‌లాగ్ కొడితే డెస్క్‌టాప్ మీద చదవగలిగే ఫైలు తయారవుతుంది. అందులో కింద నుంచి పైకి చదవండి. ఎర్రర్ కోడ్ 80244019 అయితే 404, అంటే అడ్రసో పోర్టో తప్పు. 80244022 అయితే 503, సర్వర్ సేవ అందుబాటులో లేదని, అంటే క్లయింట్ మీద కోపం తెచ్చుకోవడం ఆపి సర్వర్ దగ్గరికి వెళ్ళండి.

ఆ 503 సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మాకు అది ప్రతి నెలా బుధవారాలే వచ్చేది. మైక్రోసాఫ్ట్ నెలవారీ ప్యాచ్‌లు వదిలేది రెండో మంగళవారం, మనకి అది రాత్రి పదిన్నరో పదకొండున్నరో అవుతుంది. రాత్రికి సర్వర్ సింక్ అవుతుంది, పొద్దున తొమ్మిదిన్నరకి ఆఫీసంతా ఒకేసారి కంప్యూటర్లు ఆన్ చేస్తుంది, అన్నీ కలిసి ‘కొత్తవేమున్నాయి’ అని మీద పడతాయి. ఐఐఎస్‌లో (విండోస్ వెబ్ సర్వర్‌లో) డబ్ల్యూసస్ పూల్‌కి, అంటే డబ్ల్యూసస్ నడిచే ప్రాసెస్‌కి, డిఫాల్ట్‌గా ఉన్న మెమరీ హద్దు 1843200 కేబీ, అంటే దాదాపు 1.8 జీబీ. హద్దు దాటగానే పూల్ రీసైకిల్ అవుతుంది, క్లయింట్లు మళ్ళీ మొదటినుంచి అడుగుతాయి, మళ్ళీ దాటుతుంది, కొన్నిసార్లయ్యాక పూల్ పూర్తిగా ఆగిపోతుంది. ఆ తర్వాత ఎవరొచ్చినా 503. కన్సోల్ తెరిచినా ‘రీసెట్ సర్వర్ నోడ్’ అని ఎర్ర గుర్తు. పొద్దున బాగా తొందరగా వచ్చి ఆన్ చేసుకున్న నలుగురైదుగురి మెషీన్లు మాత్రం శుభ్రంగా రిపోర్ట్ చేసేసి ఉండేవి. అందుకే చాలా రోజులు మేం దీన్ని క్లయింట్ జబ్బనే అనుకున్నాం.

ఐఐఎస్ మేనేజర్‌లో అప్లికేషన్ పూల్స్ తెరిచి, డబ్ల్యూసస్ పూల్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ప్రైవేట్ మెమరీ లిమిట్ పెంచండి. సున్నా పెడితే హద్దే ఉండదు, కానీ 8 జీబీ ర్యామున్న సర్వర్‌లో డేటాబేస్‌కి కూడా తిండి ఉండాలి కదా, నేను 4194304 పెట్టాను, సరిపోయింది. క్యూ లెంగ్త్ 1000 ఉంటుంది, 2000 చేయండి. పూల్ స్టార్ట్ చేయండి.

ఇది నొప్పి మాత్ర మాత్రమే. అసలు జబ్బు, ఏళ్ళ తరబడి పేరుకుపోయిన అప్‌డేట్లు. కొత్తది వచ్చాక పనికిరాకుండా పోయిన పాతవాటిని డిక్లైన్ చేయాలి, క్లీనప్ విజార్డ్ నడపాలి, డేటాబేస్ రీఇండెక్స్ చేయాలి, క్లాసిఫికేషన్స్‌లో డ్రైవర్లకి టిక్ ఉంటే తీసేయాలి. మా దగ్గర మొదటిసారి క్లీనప్ సాయంత్రం మొదలుపెడితే తెల్లారినా అవ్వలేదు, మధ్యలో రెండుసార్లు తెగింది. తెగినా ఫర్వాలేదు, మళ్ళీ నడిపితే మిగిలింది చేస్తుంది.

ఇంకొకటి, అడగలేదు గానీ చెప్తున్నా. బ్రాంచి మెషీన్లు రిపోర్ట్ చేయడం లేదని రౌటర్‌లో 8530ని ఇంటర్నెట్‌కి తెరిచేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. 2025 అక్టోబరులో డబ్ల్యూసస్‌లో బయటపడిన లోపం లాగిన్ కూడా అక్కర్లేకుండా సర్వర్‌ని చేతిలోకి తీసుకోనిచ్చేది. మైక్రోసాఫ్ట్ తర్వాతి నెలవారీ తేదీ దాకా ఆగకుండా అత్యవసరంగా ప్యాచ్ వదలాల్సి వచ్చింది. అది మీ సర్వర్‌లో పడిందో లేదో ఇవాళే చూసుకోండి. బ్రాంచీలకి వీపీఎన్ ఉంది.

డబ్ల్యూసస్‌లో ఇక కొత్త ఫీచర్లేమీ చేర్చబోమని 2024 సెప్టెంబరులోనే ప్రకటించారు, అయినా సపోర్ట్ నడుస్తోంది. వేరే పద్ధతికి మారాలనుకుంటే తీరిగ్గా మారండి. ఈ గొడవ తేలకుండా మారితే క్లోన్ మెషీన్లు అక్కడా ఏదో ఒక పేచీ పెడతాయి.

మీ విషయంలో నా అనుమానం క్లోన్ మీదే, ఎందుకంటే పీకి మళ్ళీ వేద్దామంటున్నవాడే మెషీన్లు సప్లై చేసినవాడని మీరే రాశారు. రేపు కనబడని మెషీన్లు రెండు పక్కపక్కన పెట్టి ఆ నంబరు చదవండి. ఒకటే అయితే వెండర్‌ని పిలిచి అతనితోనే గట్టిగా చదివించండి. వేరువేరైతే ఒక మెషీన్ లాగ్‌లో చివరి ఎర్రర్ కోడ్, జీపీరిజల్ట్‌లో మీ పాలసీ పేరుందో లేదో రాయండి, అక్కణ్ణుంచి చూద్దాం.