పాటిగడ్డ మీదుగా రోడ్డు పడితే...

ప్రశ్న: మా ఊరి బయట పాటిగడ్డ, అంటే పాతకాలపు ఊరి దిబ్బ, ఉంది. దున్నితే కుండపెంకులు, ఇనుప చిట్టెం తేలుతాయి. పక్క చెలకల్లో రాకాసి గుళ్లు, అంటే పెద్ద బండలతో కట్టిన పాత సమాధులు, ఉన్నాయి. ఇప్పుడు అటుగా జాతీయ రహదారికి హద్దురాళ్లు పాతుతున్నారు. రోడ్డు వేసే ముందు పురావస్తు సర్వే చేయరా? మేమేం చేయాలి?
– ఒక రైతు, నల్గొండ జిల్లా

జవాబు: మీ ఉత్తరంలో చిట్టెం అన్న మాట దగ్గరే ఆగిపోయాను. ఇనుము కరిగించగా మిగిలే మడ్డి అది. చిట్టెం, రాకాసి గుళ్లు ఒకేచోట ఉన్నాయంటే ఇనుము కరిగించినవాళ్ల ఊరూ వాళ్ల సమాధులూ అక్కడే ఉండివుండవచ్చు. లోపల నలుపు, బయట ఎరుపు ఉన్న పెంకులు దొరుకుతున్నాయా? దొరికితే ఆ గడ్డ వయసు రెండు వేల ఏళ్లు దాటే అవకాశం ఎక్కువ.

ఇక సర్వే. కేంద్రం రక్షిత కట్టడంగా ప్రకటించిన చోటుకు చట్టం అండ గట్టిదే. చుట్టూ 100 మీటర్లలో నిర్మాణం నిషిద్ధం, ఆపైన 200 మీటర్లలో అనుమతి కావాలి. జాబితాకెక్కని పాటిగడ్డకు ఆ అండ లేదు. ఐర్లాండులో అలా కాదు. ఎం3 రహదారి వేస్తూ తారా కొండ దగ్గర లిస్మల్లిన్‌లో ముందే పరీక్ష కందకాలు తవ్వితే, 80 మీటర్ల వెడల్పున్న ఇనుపయుగపు గుంజల వలయం, అంటే గుంజలు పాతిన గుంతల వరస, బయటపడింది. 2007లో దాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు. రోడ్డు ఆగలేదు, దాని మీదుగానే పోయింది. కానీ ప్రతి గుంతా కాగితం మీదికెక్కాకే పోయింది.

మనకు చేతకాని పనేం కాదిది. సాగర్ నీళ్లు రాకముందు, 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయనంతా తవ్వారు. మీ జిల్లా ఏలేశ్వరంలోనూ తవ్వారు. జలాశయమైతే ఏం మునుగుతుందో అందరికీ కనిపిస్తుంది. రోడ్డు దారప్పోగులా పోతుంది కాబట్టి ఎవరికీ పట్టదు.

నా భయం రోడ్డు కన్నా మొరం గురించి. పురావస్తు శాఖలో ఉన్నప్పుడు ఒక ఊళ్లో రాకాసి గుళ్ల రాతి వలయాలు పదకొండు లెక్కపెట్టి, గీసుకుని వచ్చాను. రోడ్డు గీత వాటికి అర కిలోమీటరు దూరం. ఏడాది తర్వాత వెళ్తే నాలుగే మిగిలాయి. కట్ట పోయడానికి మట్టి అక్కడే తీశారు, బండలు కల్వర్టుకు పోయాయి. నేను తయారుచేసిన పటం తప్ప ఆ ఏడింటికి ఇప్పుడు ఆనవాలు లేదు. అందుకే మొరం ఎక్కడ తీస్తారో పంచాయతీలో ఇప్పుడే అడగండి.

ఈ వారమే ఒక పని చేయండి. ఏదీ ఏరి ఇంటికి తేవద్దు. చోటు తప్పితే పెంకు మాట్లాడదు. పక్కన పెన్ను పెట్టి ఫొటో తీయండి, సర్వే నంబరు రాయండి, రాకాసి గుళ్లను లెక్కపెట్టండి. ఆ కాగితం ఒక ప్రతి హెరిటేజ్ తెలంగాణ శాఖకు, ఒకటి కలెక్టరుకు ఇచ్చి, ముద్ర వేయించుకోండి. భూసేకరణకు జాతీయ రహదారుల చట్టం కింద 3ఏ నోటిఫికేషన్ వెలువడితే, అందులో మీ భూమి ఉంటే 21 రోజుల్లోగా అభ్యంతరం రాయవచ్చు. అందులో పాటిగడ్డ సంగతీ రాయండి. పాతిపెట్టిన నిధిగానీ నాణేలుగానీ దొరికితే కలెక్టరుకు చెప్పాలన్నది 1878 నాటి చట్టం, ఇప్పటికీ అమలులో ఉంది.

రాకాసి గుళ్లు ఎన్నో లెక్క తేలాక నాకూ ఒక ఉత్తరం రాయండి.