ఏసీఎల్‌కు మెమరీ అడిగే ముందు

బిడ్డా,

ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే పద్ధతి) సర్వర్ల ఏసీఎల్ (ఏ ఫైల్‌ను ఎవరు ముట్టొచ్చో చెప్పే జాబితా) కోడ్ రాసే పని నీకిచ్చిన్రని మీ అమ్మ మిర్యాలగూడ నుంచి ఫోన్ చేసి చెప్పింది. శానా సంబురమైంది, ఎంటనే గుబులు గూడ పుట్టింది. ఆ కోడ్ నడిచేది కెర్నెల్‌ల, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయల. అక్కడ తప్పు జరిగితే నీ ప్రోగ్రామ్ ఒక్కటే పోదు, మిషనే పడిపోతది, దాని మీద నడిచే ఆఫీసంత ఆగుతది.

కెర్నెల్‌ల మెమరీ అడిగే ఫంక్షన్ కేమలాక్, నల్ (మెమరీ దొరకలేదని గుర్తు) ఇచ్చిందా చూడు. తీసుకున్న ఏసీఎల్‌ను ఎర్రర్ దారిల గూడ రిలీజ్ చెయ్యి. ఇవి నీకు తెలిసినవే.

నా భయమంత ఎంట్రీల లెక్క మీదనే. ఎన్‌ఎఫ్‌ఎస్ వెర్షన్ 4ల క్లయింట్ (ఫైళ్లు అడిగే మిషన్) పంపే ఏసీఎల్‌కు ముందుగాల వచ్చేది ఎంట్రీలు ఎన్నో చెప్పే 32 బిట్ల సంఖ్య. దాన్ని నమ్మి అంత మెమరీ అడుగుడు పాత తప్పు. ‘క్లయింట్లు మనయే గదా’ అన్నవంటే తిడత. ఆ సంఖ్య బయటోడు రాసింది. మిల్లు గేటు కాడ చిట్టీల వెయ్యి బస్తాలని ఉన్నా గుమస్తా ముందు ట్రాక్టర్ దిక్కు చూస్తడు. నువ్వు గూడ బఫర్ల (వచ్చిన డేటా ఉన్న జాగల) ఎన్ని బైట్లు మిగిలినయో చూడు. ఒక్కో ఎంట్రీకి టైపు, ఫ్లాగ్, మాస్క్, పేరు పొడుగు, నాలుగేసి బైట్ల లెక్కన 16. ఖాళీ పేరు చెల్లదు. ఒక్క అక్షరమున్నా ఎక్స్‌డీఆర్ (నెట్‌వర్క్ మీద డేటాను పేర్చే పద్ధతి) దాన్ని 4 బైట్లకు నింపుతది. మొత్తం 20. మిగిలిన బైట్లను 20తోని భాగించి, వచ్చినదానికంటె లెక్క ఎక్కువుంటే అక్కడనే ఎర్రర్ పంపు. లినక్స్‌ల ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ కోడ్ ఎన్‌ఎఫ్‌ఎస్‌డీ చేసేది ఇదే.

చూడకుంటే ఒక్క ప్యాకెట్‌కే మెమరీ ఒడుస్తది. ఇంకోటి దానికంటె చెడ్డది: ఎంట్రీల లెక్కను ఒక్కోదాని సైజుతోని గుణిస్తే వచ్చేది పట్టక పొంగి చిన్న సంఖ్య మిగిలితే, తీసుకున్న జాగ చిన్నది, రాసే జాబితా పెద్దది. పక్కనున్న డేటా ఖరాబైతది, అది ఎంటనే తెల్వది. ఈ గుణకారానికి కెర్నెల్‌ల ఉన్న స్ట్రక్ట్ సైజ్ మాక్రో వాడు. పొంగినప్పుడు అది అన్నిటికంటె పెద్ద విలువ ఇస్తది, అలొకేషన్ ఫెయిలైతది, నువ్వు బతుకుతవు.

1995ల వచ్చిన వెర్షన్ 3 నియమాల పత్రం ఆర్‌ఎఫ్‌సీ 1813ల ఏసీఎల్ లేదు. అది పక్క ప్రోటోకాల్‌ల నడుస్తది, లినక్స్‌ల హద్దు 1024 ఎంట్రీలు. పాసిక్స్ (లినక్స్ లోపల వాడే ఏసీఎల్ తీరు) ఎంట్రీ 8 బైట్లు, అంటే 8192, పైన హెడర్. 8 కేబీ దాటంగనే కేమలాక్ 16 కేబీకి పోతది. 4 కేబీ మెమరీ పేజీలైతే నాలుగు వరుసగ దొరకాలె. చాన రోజులు నడిచి మెమరీ ముక్కలైన సర్వర్ల అవి దొరకకపోవచ్చు.

పాసిక్స్ జాబితాను వెర్షన్ 4కు మారిస్తే ఒక్కోదానికి అలవ్ (ఒప్పుకునేది), డినై (కాదనేది) రెండూ రావచ్చు. రెండింతలు తీసుకో. డైరెక్టరీకైతే డిఫాల్ట్ ఏసీఎల్‌ను (లోపల పుట్టే కొత్త ఫైళ్లకు వచ్చేది) గూడ కలుపు.

ఫైల్‌సిస్టమ్ లాక్ పట్టుకుని జీఎఫ్‌పీ కెర్నెల్ ఫ్లాగ్‌తోని మెమరీ అడగకు బిడ్డా. మెమరీ తక్కువైతే కెర్నెల్ ఖాళీ చేసుకుందామని అదే ఫైల్‌సిస్టమ్‌లకు తిరిగొచ్చి, నీ చేతులున్న లాక్ కోసమే ఆగుతది. అట్ల తిరిగి రాకుండ ఆపే జీఎఫ్‌పీ నోఎఫ్‌ఎస్ వాడు.

ఫెయిల్‌స్లాబ్ పెట్టి అలొకేషన్లు కావాలని చెడగొట్టు, రిలీజ్ కాని మెమరీని కనిపెట్టే కేమెమ్‌లీక్ స్కాన్ చెయ్యి. వెర్షన్ 3కు 1024, 1025 రెండూ పంపి చూడు. ప్యాచ్ ముందుగాల నాకు పంపు, రాత్రైనా చదువుత. తినకుండ దాని ముందల కూసోకు.

పైలం.
మీ మామ, నల్లగొండ