పాత టాటా బండి అమ్మే ముందు

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

టాటా మొబైల్ పికప్ బండిని బేరానికి పెడుతున్నానని రాశావు. మంచిదే. కానీ ప్రకటనలో ‘వింటేజ్’ అన్న మాట తీసెయ్యి. 2021లో కేంద్రం పెట్టిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ అయ్యి 50 ఏళ్లు దాటిన బండికే ఆ పేరు. మన రకం బండి మార్కెట్లోకి వచ్చిందే 1988లో. తెలిసినవాడు ఆ ఒక్క మాట పట్టుకుని మిగతావన్నీ అనుమానిస్తాడు.

కోనసీమ బండి అనగానే ఎవరైనా ముందు తుప్పే వెతుకుతారు. ఉప్పుగాలి ఒకటి, పైగా మనది ఏళ్ల తరబడి చేపల ట్రేలు మోసింది. ఐసు కరిగిన నీళ్లు వెనక బాడీ మూలల్లో నిలిచిపోయి రేకుని లోపలినుంచి తినేస్తాయి. నువ్వు కొత్త రేకు అతికించిన చోటా, లప్పం పెట్టిన చోటా వేలుపెట్టి నువ్వే చూపించు. లప్పం మందంగా ఉన్నచోట అయస్కాంతం పట్టదు, కొనేవాడికి అది తెలుసు. క్యాబిన్‌లో మ్యాట్లు తీసి అడుగు కూడా చూపించు. ఛాసీకి ఇప్పుడు నల్లరంగు కొట్టించమని మెకానిక్ అంటాడు, ఒప్పుకోకు. కొత్త రంగు కనబడితే కింద ఏదో దాచారనే అనుకుంటారు.

వాళ్లు వచ్చేసరికి ఇంజన్ వేడెక్కించి ఉంచకు. డీజిల్ బండి సంగతి పొద్దున్న మొదటి స్టార్టింగులోనే తెలుస్తుంది. వాళ్ల ఎదురుగానే తాళం తిప్పు. మార్చేసిన పాత సామాన్లు గోనెసంచిలో ఉన్నాయిగా, అవీ ఇచ్చెయ్యి. ముచ్చటపడి కొనేవాడికి వాటి విలువ తెలుసు. రిపేర్లకి పెట్టిందంతా రాదు, ఆ లెక్కతో ధర చెప్పకు.

అన్నిటికన్నా నాకు టెన్షన్ కాగితాల దగ్గరే. బండి పేరు మార్చే ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి ఇవ్వడం మనవైపు మామూలైపోయింది. నువ్వు మాత్రం ఆ పని చెయ్యొద్దు. 29, 30 నంబరు ఫారాల్లో కొనేవాడి పేరు, తేదీ రాశాకే సంతకం పెట్టు. రాష్ట్రంలోపలి అమ్మకమైతే 14 రోజుల్లో నువ్వు రవాణా శాఖకి తెలపాలి. పేరు మారేలోగా యాక్సిడెంట్ అయితే ఆర్‌సీలో ఉన్నవాడే ఓనరని, పరిహారం బాధ్యత అతనిదేనని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. బండి అప్పగించిన రోజు, గంట వేసి డెలివరీ రసీదు రాయించుకో, కొన్నవాడి ఆధార్ జిరాక్సు తీసుకో. పేరు మారిందో లేదో ఆన్‌లైన్లో నువ్వే చూసుకో, ఫోనులో ‘అయిపోయిందండీ’ అంటే నమ్మి ఊరుకోకు.

మీ పెదనాన్న