కుట్టు కేంద్రం పెట్టబోతున్న మేనకోడలికి

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి,

విజయనగరం నుంచి నీ మావయ్య దీవించి వ్రాయునది. శ్రీకాకుళంలో కుట్టు కేంద్రం పెట్టి, పలాస జీడి బట్టీల దగ్గర పనిచేసేవారికి చొక్కాలు, బడిపిల్లలకు ఆటల దుస్తులు కుట్టాలనుకుంటున్నావని, నేలకూ నీటికీ చేటు చేయని గుడ్డే వాడాలని పట్టుదలగా ఉన్నావని తెలిసి చాలా సంతోషించాను. 30 ఏళ్లు బట్టల వ్యాపారం చేసినవాడిగా ఒక మాట ముందే చెబుతాను. గుడ్డను పేరు చూసి కొనవద్దు, దాని పోగుకూ నీటికీ ఉన్న పొత్తు చూసి కొను. ఒంటి మీది చెమటా నీరే, ఉతికేదీ నీటిలోనే, పోగు తయారైన చోట కాలువలోకి వదిలేదీ నీటినే.

పత్తి మామూలు గాలిలోనే తన పొడి బరువులో సుమారు 8.5 శాతం తేమను పట్టుకుంటుంది. పాలిస్టర్ పట్టుకునేది 0.4 శాతమే. తడిస్తే పత్తి పోగు బలం తగ్గదు సరికదా పెరుగుతుంది, అందుకే మన రేవు బండల మీద ఇన్ని తరాలు నిలిచింది. చెట్ల గుజ్జును రసాయనాలతో కరిగించి తీసే విస్కోస్ సంగతి వేరు, అది తడిసినప్పుడు బలంలో దాదాపు సగం పోగొట్టుకుంటుంది. వెదురు గుడ్డ అని నీకు చూపిస్తున్నది చాలావరకు ఈ విస్కోసే. వెదురు గుజ్జును క్షారంతోనూ కార్బన్ డైసల్ఫైడ్‌తోనూ కరిగించి పోగు తీస్తారు, ఆ రసాయనపు ఆవిరి అక్కడ పనిచేసేవారి నరాలను దెబ్బతీస్తుంది. వెదురు చెట్టు పచ్చగా పెరిగినంత మాత్రాన గుడ్డ పచ్చనిదైపోదు.

వెదురు గుడ్డ అన్న ఆ పేరుకు నేనూ ఒకసారి లొంగిపోయాను. ఒక టోకు వర్తకుడి మాట నమ్మి రెండు తాన్లు తెచ్చి, ఆయాలకు పనిదుస్తులు కుట్టించి ఇచ్చాను. మూడో వారానికే ఒక ఆయమ్మ చొక్కా పట్టుకుని వచ్చి కొట్టు మెట్ల మీద నిలబడింది. చంక దగ్గర కుట్టు చెక్కుచెదరలేదు, కుట్టు పక్కన గుడ్డే దూదిలా విడిపోయి ఉంది. బండకేసి బాదే ఉతుకుకు అది తగినది కాదని అమ్మేముందే నేను తెలుసుకుని ఉండవలసింది.

చెక్క గుజ్జు నుంచి తీసే పోగే కావాలంటే లయోసెల్ అడుగు. దానికి వాడే ద్రావకాన్ని 99 శాతానికి పైగా తిరిగి రాబట్టి మళ్లీ వాడుకుంటారు, తడిసినా బలం అంతగా తగ్గదు. అయితే రాపిడికి పైన సన్నని నూగు లేచి, ముదురు రంగులు తెల్లబారినట్లు కనిపిస్తాయి కనుక లేత రంగులే తీసుకో.

పలాస చొక్కాల విషయంలో మాత్రం నా మాట జవదాటకు. నిప్పు దగ్గర నిలబడేవారికి పాలిస్టర్ గానీ, పాలిస్టర్ కలిసిన గుడ్డ గానీ ఇవ్వవద్దు. పత్తి కాలితే బూడిదవుతుంది, పాలిస్టర్ కరిగి చర్మానికి అతుక్కుంటుంది. కొంచెం దళసరిగా, దగ్గరి నేతతో ఉన్న నికార్సైన నూలు గుడ్డ తెచ్చి, కత్తిరించే ముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరవేయి, లేకపోతే మొదటి ఉతుకుకే కురచబడుతుంది. చేతులు వదులుగా వేలాడకుండా చూసుకో.

ఆటల దుస్తులకు పాలిస్టర్ వద్దని నేను అనను. పోగుల మధ్య సన్నని సందుల వెంట చెమట పాకి, గుడ్డంతా పరుచుకుని త్వరగా ఆరుతుంది. మన తీరంలో వానకాలపు ఉక్కలో ఏదైనా ఆలస్యంగానే ఆరుతుంది కనుక, అల్లిక పలుచగా, గాలి ఆడేటట్లు ఉండడం కూడా అంతే ముఖ్యం. కొన్ని గుడ్డలకు చెమట పీల్చే గుణం పైపూత వల్లే వస్తుంది. ఒక ముక్కను పదిసార్లు ఉతికి, ఆరాక ఒక నీటిచుక్క వేసి చూడు. చుక్క ముత్యంలా నిలిస్తే ఆ తాను వద్దు, వెంటనే పరుచుకుంటే తీసుకో. మెత్తదనం కోసం వేసే ద్రవాలు ఆ గుణాన్ని చంపేస్తాయని తల్లులకు చెప్పు. పాత ప్లాస్టిక్ సీసాల నుంచి తీసిన పాలిస్టర్ కొత్తదాని కంటే మేలే గాని, ఉతికినప్పుడల్లా ప్లాస్టిక్ నూగును అదీ వదులుతుంది.

పొందూరు ఖద్దరుతోనూ చొక్కాలు కుట్టవచ్చా అని అడిగావు. అక్కడ వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వుతున్న ఒక పెద్దావిడ పక్కన నేను చాలాసేపు కూర్చున్నాను. ఆ సన్నని పళ్ల మధ్య నుంచి పోగులు ఒక్కటొక్కటిగా సాపై, చెత్తంతా ఆమె ఒడిలో రాలింది. కౌంటు అంటే నూలు సన్నదనపు కొలత; అలా తీసే 100 కౌంటు నూలు ఇంగ్లీషు లెక్కలో పౌనుకు 84,000 గజాలు సాగుతుంది. ఇంత శ్రమను బట్టీ పనికి వాడడం దానికీ న్యాయం కాదు, కూలివారి జేబుకూ న్యాయం కాదు. పెళ్లికో పండుగకో అడిగేవారికి, దాని కథ చెప్పి, సరైన ధరకు కుట్టి ఇవ్వు. మన గోగునార బిరుసైనది కనుక చొక్కాలకు పనికిరాదు, నీ దుస్తులు పెట్టి ఇచ్చే సంచులకు మాత్రం దానిని మించినది లేదు.

ఏ తాను కొన్నా అంచు నుంచి నాలుగు పోగులు లాగి పట్టకారుతో పట్టుకుని కాల్చు. కాగితం కాలిన వాసన వచ్చి మెత్తని బూడిద మిగిలితే పత్తి గాని విస్కోస్ గాని, నల్లని గట్టి పూస మిగిలితే పాలిస్టర్. ముందుగా నీకు నచ్చిన గుడ్డల్లో జానెడేసి ముక్కలు, ధరలు రాసిన చీటీలతో సహా నాకు పంపు. ఉతికించి చూసి, ఏవి తీసుకోవాలో రాస్తాను.

ఆశీస్సులతో,
నీ మావయ్య