అండమాన్‌లో పెద్దవాళ్ళు, పిల్లలతో బస ఎక్కడ తీసుకోవాలి? నెల్లూరు నుంచి వెళ్ళొచ్చిన మా అనుభవం

మీరు అడిగింది: ఒంగోలు నుంచి 11 మంది. మీ అమ్మానాన్నలు, అత్తమామలు, మీరిద్దరు, మీ చెల్లెలు, మరిదిగారు, ముగ్గురు పిల్లలు. సంక్రాంతి అయ్యాక అండమాన్ వెళ్ళాలని ఉంది. హేవ్‌లాక్ దీవిలో సముద్రం ఎదురుగా ఉండే రిసార్ట్ తీసుకోవాలా, ఇల్లు మొత్తం అద్దెకు దొరికితే అది తీసుకోవాలా, లేక పోర్ట్ బ్లెయిర్‌లో హోటల్ పెట్టుకుని రోజూ తిరిగి రావాలా అన్నది మీ సందేహం.

మేమూ ఇలాంటి గుంపుతోనే వెళ్ళాం. మా అత్తయ్య, మామయ్య, మా అమ్మ, ఆడపడుచు కుటుంబం, మా పిల్లలు. నా సలహా ఒక్కటే. అందరూ కలిసి రోజంతా తిరుగుతారు అనుకుని బస చూడకండి. ఇంతమంది వెళ్ళినప్పుడు ప్రతి పూటా ఎవరో ఒకరు బసలోనే ఉండిపోతారు. అలా ఉండిపోయేవాళ్ళకు ఆ చోటు ఎంత హాయిగా ఉంటుందో చూసి బుక్ చేయండి.

ఎందుకంటున్నానంటే, హేవ్‌లాక్‌లో ఎలిఫెంట్ బీచ్‌కి పడవలో వెళ్ళి స్నార్కెలింగ్ (అద్దాలు, ఊపిరి గొట్టం పెట్టుకుని నీళ్ళలో పగడాలు చూడడం) చేసేది కుర్రవాళ్ళు. మోకాళ్ళ నొప్పులున్న మనిషి ఊగే పడవ ఎక్కి దిగడం కష్టం. మూడేళ్ళ పిల్ల మధ్యాహ్నం నిద్రపోవాలి, ఎవరో ఒకరు దగ్గర ఉండాలి. ఒకరికి ఎండ పడదు, ఇంకొకరికి ముందురోజు ఫెర్రీ ప్రయాణంతో తల తిరుగుడు. పైగా అండమాన్ మనకు బాగా తూర్పున ఉంది, గడియారం మాత్రం మనదే. జనవరిలో సాయంత్రం ఐదుంబావుకల్లా సూర్యుడు దిగిపోతాడు, ఆరింటికి చీకటి. అక్కణ్ణుంచి భోజనం దాకా రెండు మూడు గంటలు అందరూ బసలోనే. ఆ చిన్న దీవుల్లో సినిమా హాళ్ళు, షాపింగ్ మాల్స్ ఉండవు. ఆ సమయంలో నలుగురూ ఒకచోట కూర్చునే జాగా లేకపోతే ఎవరి గదిలో వాళ్ళు ఫోన్లు పట్టుకుని పడుకుంటారు. ఇంత ఖర్చు పెట్టి, ఇంతమందిని కూడగట్టుకుని వెళ్ళేది అందుకు కాదు కదా.

కాబట్టి నేను మొదట చూసేది వరండా. మంచం ఎంత పెద్దది, టీవీ ఉందా అన్నది తర్వాత. మాకు దొరికిన కాటేజీల ముందు నీడ పడే పొడుగాటి వరండా, సిమెంటు అరుగు, నాలుగు కేన్ కుర్చీలు, ఎదురుగా కొబ్బరి చెట్లు, వాటి సందుల్లోంచి నీళ్ళు. మామయ్య ఏళ్ళ తరబడి రొయ్యల గుంటలు చేసిన మనిషి, నీళ్ళ రంగు చూడకుండా ఉండలేరు. తెల్లవారకముందే లేచి తువ్వాలు భుజాన వేసుకుని ఆ అరుగు మీద కూర్చునేవారు. ముందు బూడిదరంగులో ఉన్న నీళ్ళు ఎండ పైకొచ్చే కొద్దీ ఆకుపచ్చగా మారి, దూరంగా నీలం గీత తేలేది. "ఇక్కడ అడుగున తెల్ల ఇసక ఉంది, అదిగో ఆ నల్లగా కనపడేది రాయి" అని మనవడికి చూపించేవారు. మేం ఎలిఫెంట్ బీచ్ నుంచి తిరిగొచ్చేసరికి ఇద్దరూ అక్కడే ఉన్నారు, భోజనం కూడా అక్కడికే తెప్పించుకున్నారు. ఆయనకు ఆ ప్రయాణంలో అన్నిటికంటే నచ్చింది ఆ అరుగే.

ఇక మెట్ల సంగతి. దీవుల్లో కొన్ని కాటేజీలు నేల మీద ఉండవు, స్తంభాల మీద ఎత్తుగా కడతారు. మొదట మేం బుక్ చేసిన చోట కింద గదులే అని ఫోన్‌లో మాట ఇచ్చారు. వెళ్ళి చూస్తే ఆరు చెక్క మెట్లు, పట్టుకోవడానికి ఏమీ లేదు. లోపల బాత్‌రూమ్‌లోకి మళ్ళీ ఒక అడుగు దిగాలి, నున్నటి టైల్స్. అత్తయ్య గుమ్మం దగ్గరే ఆగిపోయింది. చాలాసేపు వాదించాక ఇంకో వైపు నేలమట్టంగా ఉన్న గది ఇచ్చారు. మీరు మాత్రం డబ్బు కట్టకముందే వాట్సాప్‌లో వీడియో అడగండి. ఆటో దిగే చోటు నుంచి గదిలోకి, గదిలోంచి బాత్‌రూమ్‌లోకి, అక్కణ్ణుంచి డైనింగ్ హాల్ దాకా నడుస్తూ తీసి పంపమనండి. ఒక్క నిమిషం వీడియో. మంచి చోటైతే సంతోషంగా పంపిస్తారు. నాన్చుతుంటే ఇంకోచోటు చూసుకోండి. రాత్రిపూట ఆ దారిలో లైట్లు ఉన్నాయా, కరెంటు పోతే జనరేటర్ ఏసీకి కూడా పనిచేస్తుందా, లేక ఫ్యాన్లకేనా అన్నది కూడా అడగాలి.

హేవ్‌లాక్, నీల్ దీవులు రెండిట్లో ఏది? పేర్లు ముందు తెలుసుకోండి, టిక్కెట్ల మీద చూసి టెన్షన్ పడకుండా. 2018 నుంచి హేవ్‌లాక్ అంటే స్వరాజ్ ద్వీప్, నీల్ అంటే షహీద్ ద్వీప్. 2024లో పోర్ట్ బ్లెయిర్‌ను శ్రీ విజయపురం అన్నారు. జనం నోట మాత్రం పాత పేర్లే. మనవాళ్ళకు ఈ దీవులకు ప్రత్యేకంగా పర్మిట్ అక్కర్లేదు, ఒరిజినల్ గుర్తింపు కార్డు ఉంటే చాలు.

హేవ్‌లాక్ పెద్దది, చూడ్డానికి ఎక్కువ ఉంది, రిసార్ట్‌లూ ఎక్కువ. అందరూ చెప్పే రాధానగర్ బీచ్ జెట్టీ నుంచి ఇంచుమించు 12 కిలోమీటర్లు, దీవికి అవతలి పక్క. బసలు ఎక్కువగా ఉండేది ఇవతలి పక్క, గోవింద్‌నగర్, విజయ్‌నగర్ బీచ్‌ల వెంట. ఇక్కడ ఒక విషయం బుకింగ్ సైట్లలో ఫొటోలు చూసినవాళ్ళకు తెలియదు. ఈ పక్క సముద్రం పోటు మీద ఉన్నప్పుడు నీళ్ళు చెట్ల మొదళ్ళ దాకా వస్తాయి. పాటు మొదలైతే అలా అలా వెనక్కి పోయి, బురద ఇసుక, రాళ్ళు, పగడపు ముక్కలు తేలతాయి. మన నెల్లూరు దగ్గరి మైపాడు బీచ్‌కు ఎప్పుడు వెళ్ళినా అలలు గట్టు దగ్గరే కొడుతుంటాయి కాబట్టి మనకు ఇది కొత్త. పిల్లలు స్విమ్ సూట్లు వేసుకుని బయటికొచ్చి నీళ్ళేవీ అని ఏడ్చారు. ఆ పోటుపాట్ల వేళలు రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంటాయి, బసలో పనిచేసేవాళ్ళను అడిగితే రేపు పోటు ఎప్పుడో చెప్తారు. అందుకని సముద్రం ఎదురుగా ఉన్న గదికి రెట్టింపు అద్దె కట్టే ముందు ఆలోచించండి. చూడ్డానికైతే అద్భుతం. పిల్లల స్నానాలకు ఎలాగూ రాధానగర్ వెళ్ళాలి, అక్కడ ఇసుక మెత్తగా ఉంటుంది, లైఫ్‌గార్డులు ఉంటారు, పెద్దవాళ్ళు కూర్చోవడానికి చెట్ల నీడ ఉంది. రోడ్డు కూడా బీచ్ దగ్గరి దాకా వస్తుంది. గార్డులు వద్దన్న చోట మాత్రం ఎవరినీ దిగనివ్వకండి. అండమాన్ నీళ్ళలో ఉప్పునీటి మొసళ్ళు ఉన్నాయి, 2010లో హేవ్‌లాక్‌లోనే ఒక విదేశీ పర్యాటకురాలి ప్రాణం పోయింది.

నీల్ చిన్న దీవి. ఈ చివర నుంచి ఆ చివరకు ఆటోలో పావుగంట. రోడ్డుకు ఇరుపక్కలా కూరగాయల తోటలు, వరి మళ్ళు, అరటి. అండమాన్‌కు కూరగాయల గంప అని దానికి పేరు. జెట్టీ పక్కనే భరత్‌పూర్ బీచ్, లోతు తక్కువ, అడుగున అద్దం ఉన్న పడవల్లో కూర్చుని పగడాలు చూడొచ్చు. మా అమ్మ తోటల్లోకి వెళ్ళి అక్కడి ఆడవాళ్ళతో సైగలతో మాట్లాడి వంకాయలు కూడా కొనుక్కొచ్చింది. పెద్దవాళ్ళు ఎక్కువ, నడక తక్కువ అయితే నా ఓటు నీల్‌కే. అక్కడి సహజ శిలా వంతెన దగ్గరికి మాత్రం పెద్దవాళ్ళను తీసుకెళ్ళకండి, పాచి పట్టిన రాళ్ళ మీద నడవాలి.

రెండూ చూడాలి కదా అని పోర్ట్ బ్లెయిర్, హేవ్‌లాక్, నీల్, మళ్ళీ పోర్ట్ బ్లెయిర్ అని ప్యాకేజీలవాళ్ళు గీసిస్తారు. కొత్త జంటలకు బాగుంటుంది. 11 మంది సామాన్లు, మందులు, పిల్లల పాల సీసాలు ప్రతి రెండో రోజూ సర్దాలంటే సగం సెలవు దానికే పోతుంది. ఒక దీవి ఎంచుకుని అక్కడే ఉండండి. పోర్ట్ బ్లెయిర్‌లో ఉండి రోజూ తిరిగి రావడం అంతకంటే కష్టం. హేవ్‌లాక్‌కు ప్రైవేటు ఫెర్రీలో పోనూ గంటన్నర, రానూ గంటన్నర, జెట్టీలో నిలబడడం వేరే. సముద్రం కాస్త లేస్తే వాంతులు. డాక్టర్‌ని అడిగి మాత్రలు ముందే దగ్గర పెట్టుకోండి.

పోర్ట్ బ్లెయిర్‌లో ఒక రాత్రి వెళ్ళేటప్పుడు, ఒక రాత్రి వచ్చేటప్పుడు తప్పనిసరిగా ఉంచుకోండి. గాలి ఎక్కువైతే ఫెర్రీలు ఆపేస్తారు, దీవి నుంచి అదే రోజు వచ్చి విమానం ఎక్కాలనుకుంటే గుండె దడ. ఊరంతా ఎత్తుపల్లాలు, అందుకని లిఫ్ట్ ఉన్న హోటలే చూడండి. అబర్దీన్ బజార్ వైపు ఇడ్లీ దోశలు దొరుకుతాయి, తెలుగు వినిపిస్తుంది. ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళి స్థిరపడినవాళ్ళు అక్కడ చాలామంది. సెల్యులార్ జైలు సాయంత్రం లైట్ అండ్ సౌండ్ షో పెద్దవాళ్ళు కదలకుండా చూశారు. బారాటాంగ్ దీవిలోని గుహల కోసం మాత్రం నడిరాత్రి లేచి బయల్దేరాలి, మీ గుంపుకు వద్దు.

ఇల్లు మొత్తం అద్దెకు అన్నారు. వంట ఎవరు చేస్తారు అన్నది ముందు తేల్చుకోండి. వంటింటి బాధ్యత మీ అమ్మగారి మీదో మీ చెల్లెలి మీదో పడేటట్టయితే అది వాళ్ళకు సెలవు కాదు. మాకు పక్కపక్కన నాలుగు గదులు, ఉమ్మడి వరండా సరిగ్గా కుదిరాయి. పెద్దవాళ్ళ జంటలకు ఎవరి గది, ఎవరి బాత్‌రూమ్ వాళ్ళకు ఉండాలి. వియ్యంకులు కలివిడిగా ఉన్నా రాత్రి లేచేటప్పుడు మొహమాటం ఉంటుంది. పిల్లల్ని రోజూ రాత్రి తాతల గదిలో పడుకోబెట్టే ఏర్పాటు కూడా చేయకండి. వాళ్ళు వద్దనరు, మనవళ్ళంటే ప్రాణం కదా. కానీ వాళ్ళకూ నిద్ర కావాలి, వాళ్ళూ సెలవుకే వచ్చారు.

తిండి దగ్గర మనకు అదృష్టం ఏమిటంటే ఈ రెండు దీవుల్లో బెంగాలీ కుటుంబాలు ఎక్కువ. అన్నం, పప్పు, చేప అన్నిచోట్లా ఉంటుంది. అవి ఆవనూనెతో చేస్తే మా అత్తయ్యకు ముద్ద దిగలేదు. వేరే నూనెతో చేయమంటే చేసిపెట్టారు. శనివారం శాకాహారం అంటే ముందురోజే చెప్పాలి. మన పెద్దవాళ్ళు ఐదింటికే కాఫీ అంటారు, కిచెన్ ఏడింటికి గానీ తెరవరు. గదిలో కెటిల్ ఉందో లేదో అడగండి, పాలపొడి, కాఫీపొడి, కందిపొడి, ఆవకాయ పట్టుకెళ్ళండి. ఆవకాయ చెక్ ఇన్ బ్యాగులోనే పెట్టండి.

మందుల విషయం తేలిగ్గా తీసుకోవద్దు. దీవుల్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలున్నాయి, పెద్దాసుపత్రి అంటే పోర్ట్ బ్లెయిర్‌లోని జి.బి. పంత్. బీపీ, షుగర్ మాత్రలు సెలవు రోజులకు రెట్టింపు తీసుకెళ్ళండి. ఇన్సులిన్ ఉంటే గదిలో ఫ్రిజ్ ఉండాలి. ఏటీఎంలు తక్కువ, ఫోన్ పే ఒక్కోసారి పనిచేయదు, చేతిలో నగదు ఉంచుకోండి.

విమానం చెన్నై నుంచి. ఒంగోలు నుంచి ముందురోజే బయల్దేరి విమానాశ్రయం దగ్గర రాత్రి పడుకోండి. తెల్లవారుజామున హైవే మీద పెద్దవాళ్ళతో పరుగులు వద్దు. మీవాళ్ళు పడవ ఎక్కగలరో లేదో అనుమానంగా ఉంటే ఒక ఆదివారం తడ దగ్గర భీములవారిపాలెం తీసుకెళ్ళి పులికాట్‌లో ఇరకం దీవి వైపు పడవ ఎక్కించి చూడండి. ఎవరి చెయ్యి పట్టుకోవాలో, ఎవరు భయపడతారో అక్కడే తెలిసిపోతుంది.

మీ మూడింట్లో నేనైతే ఏదీ తీసుకోను. నీల్‌లో నేలమట్టంగా పక్కపక్కన నాలుగు గదులు, ముందు వరండా, జెట్టీకి దగ్గర. కుర్రవాళ్ళు ఒకరోజు పొద్దున ఫెర్రీలో హేవ్‌లాక్ వెళ్ళి రాధానగర్ చూసి సాయంత్రానికి రావచ్చు, టైమింగ్‌లు చూసుకుని. సంక్రాంతి సీజన్‌లో నాలుగు గదులు ఒకేచోట దొరకడం కష్టం కాబట్టి ముందు గదులు ఖాయం చేసి, ఆ తేదీలకు ఫెర్రీ, ఆ తర్వాత విమానం చూడండి. మీ నలుగురు పెద్దవాళ్ళలో ఎవరికైనా వీల్‌చైర్ అవసరమైతే ఇక్కడే రాయండి, జెట్టీలో, ఫెర్రీలో ఎక్కడ ఇబ్బంది పడ్డామో వివరంగా చెప్తాను.