ఊద్ అత్తరు కింద గ్రీన్ టీ పరిమళం నిలవడం లేదా?

మీరు ముందు టీ పెర్ఫ్యూమ్ చల్లుకుని, దాని మీద ఊద్ (అగరు చెక్క) అత్తరు రాయడమే కారణమై ఉంటుంది. టీ పరిమళాల్లో మొదట తెలిసే బెర్గమాట్ వంటి నిమ్మజాతి వాసనలు త్వరగా ఆవిరైపోతాయి. ఊద్ గంటలకొద్దీ నిలిచి వాటిని కప్పేస్తుంది. వరుస మార్చండి.

1. స్నానం తరువాత వాసన లేని మాయిశ్చరైజర్.

2. మణికట్టుపై అత్తరు. హైదరాబాద్ పాతబస్తీ దుకాణాల్లో గాజుపుల్లతో రాసి చూపిస్తారు కదా, అంతే చాలు.

3. చాలామంది వదిలేసేది ఇదే: పావుగంట ఆగండి. తొలి ఘాటు తగ్గి అత్తరు చర్మానికి పట్టాలి. ఈలోగా మణికట్లు రుద్దవద్దు.

4. తరువాత టీ పెర్ఫ్యూమ్. అత్తరు మీద కాదు, మెడ దగ్గర.

అయినా ఊద్‌దే పైచేయి అయితే ఖస్ (వట్టివేరు) అత్తరు ప్రయత్నించండి. వట్టివేరు పచ్చిదనం గ్రీన్ టీతో ఎంత చక్కగా కలుస్తుందో!