దిబ్బ మీద పార పెట్టకముందు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు నిన్న రాత్రి ఒకటికి పదిసార్లు చూశాను. చిల్లకంప మధ్యలో గుండ్రంగా బండరాళ్ళు, నడుమ రాళ్ళగుట్ట, దాని పక్కన సగం బయటపడిన పెద్ద పలకరాయి. మీ ఊళ్ళో దాన్ని రాక్షసగుడి అంటారని రాశావు. నువ్వు అనుకున్నదే నిజం కావొచ్చు. అది ఇనుప యుగం నాటి సమాధిలాగే ఉంది. దక్షిణాదిలో ఇలాంటివి క్రీస్తుకు పూర్వం 1000 ప్రాంతం నుంచి క్రీస్తు శకం మొదటి శతాబ్దాల దాకా కట్టారు. మనవాళ్ళు రాక్షసగుళ్ళు, పాండవగుళ్ళు అని పిలిచేవి చాలావరకు ఇవే. ఉదయగిరి వైపు అలాంటిది ఒకటి నీ కంటపడిందంటే నాకు ఎంత సంతోషమో చెప్పలేను.

కానీ ఫోటోల కింద నువ్వు రాసిన మాట చూశాక నాకు నిద్ర పట్టలేదు. "ఈ ఆదివారం కుర్రాళ్ళం పదిమందిమి కలిసి కొంచెం తవ్వి చూద్దామనుకుంటున్నాం మామయ్యా" అన్నావు. వద్దు అల్లుడూ. ఆ పని చెయ్యొద్దు. ఎందుకు వద్దంటున్నానో ముందు చెబుతాను.

1989లో నేను కనిగిరి వైపు సర్వేయరుగా పనిచేస్తున్నాను. ఒక ఊళ్ళో పొలం హద్దులు కొలుస్తుంటే ఇలాంటి వలయమే కనబడింది. ఊరి కుర్రాళ్ళకు ఎంత ఉత్సాహమో నాకూ అంతే. గడ్డపారలు, గంపలు తెచ్చి రెండు రోజులు తవ్వాం. పైన రాళ్ళగుట్ట తీసేశాం. మూతరాయిని ఎనిమిదిమంది కలిసి పక్కకు దొర్లించారు. దాని కింద నాలుగు పలకరాళ్ళతో కట్టిన పెట్టె ఉంది. తూర్పు పలకకు గుండ్రటి కన్నం. లోపల కుండలు, ఎముకల ముక్కలు, తుప్పు పట్టిన కొడవలి లాంటి ఇనుము. కుండల్ని బోరు దగ్గర శుభ్రంగా కడిగాం. ఎముకలు ఊరికి అరిష్టమని ఒక పెద్దాయన అంటే చెరువులో కలిపేశాం. మిగిలినవి పంచాయతీ ఆఫీసులో బీరువా మీద పెట్టి, ఏదో గొప్ప పని చేశామనుకుని ఇళ్ళకు పోయాం.

కొన్నాళ్ళకు చరిత్ర చెప్పే ఒక లెక్చరర్ గారు వాటిని చూడడానికి వచ్చారు. ఆయన కోప్పడలేదు. మెల్లగా ప్రశ్నలు అడిగారు. ఈ కుండ ఎముకలకు ఏ వైపున ఉంది? బోర్లించి ఉందా, నిలబెట్టి ఉందా? లోపలి మట్టి ఏం చేశారు, అందులో గింజలేమైనా ఉన్నాయా? కొడవలి పెట్టె లోపలిదా, బయట మట్టిలోదా? ఎముకలు ఒక్క మనిషివేనా? నా దగ్గర ఒక్కదానికీ జవాబు లేదు. సెంటు భూమి కోసం అన్నదమ్ములు కొట్టుకుంటే సర్వే గొలుసు లింకులతో సహా లెక్క తేల్చే ఉద్యోగం నాది. అలాంటి నేను ఆ రెండు రోజుల్లో ఒక్క కొలత కూడా రాసుకోలేదు. రెండు వేల ఏళ్ళకు పైగా కదలకుండా ఉన్నదాన్ని మేము రెండు రోజుల్లో మూగదాన్ని చేశాం. కుండలు కూడా మిగల్లేదు. ఆఫీసుకు సున్నం వేసేటప్పుడు పగిలిపోయాయని విన్నాను. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు. నీకు ఇంత పొడుగు ఉత్తరం రాయడం అందుకే.

ఆ సమాధుల సంగతి కొంచెం తెలిస్తే ఎందుకు ముట్టుకోకూడదో నీకే అర్థమవుతుంది. చాలా చోట్ల వాళ్ళు శవాన్ని నేరుగా పూడ్చలేదు. కొన్నాళ్ళు మరోచోట ఉంచి, తర్వాత మిగిలిన ఎముకల్ని ఏరి తెచ్చి ఈ రాతి పెట్టెలోనో, కాళ్ళున్న మట్టి తొట్టిలోనో పెట్టేవాళ్ళు. పోయినవాళ్ళ కోసం కుండలు, కత్తులు, బాణపు ములుకులు, పూసలు పక్కన పేర్చేవాళ్ళు. ఆ కుండలు లోపల నల్లగా, బయట ఎర్రగా ఉంటాయి. కుమ్మరి ఆవంలో బోర్లించి కాల్చినందువల్ల లోపలికి గాలి అందక నలుపెక్కేవి. రాసిన శాసనాలు సాధారణంగా దొరకవు, ఎక్కువగా కుండల మీద గీసిన గుర్తులే ఉంటాయి. కాబట్టి ఏ వస్తువు ఎక్కడ, దేని పక్కన, ఎంత లోతులో ఉందన్నదే వాళ్ళు మనకు వదిలిన రాత. అక్కడి నుంచి కదిపితే ఆ రాత చెరిగిపోతుంది. ఒక చిటికెడు బొగ్గు దొరికితే కార్బన్ పరీక్షతో కాలం తేల్చవచ్చు. కానీ ఆ బొగ్గు ఏ పొరలోదో తెలియకపోతే పరీక్ష చేసినా లాభం లేదు.

అందుకే ఇంకో మాట. కంప కొట్టేసి తగలబెడదామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. మంటకు రాళ్ళు పగులుతాయి, ఇప్పటి బొగ్గు పాత బొగ్గుతో కలుస్తుంది. వేళ్ళతో పీకినా రాళ్ళు కదులుతాయి. నేలమట్టానికి కొట్టించి, కొమ్మల్ని మోసుకెళ్ళి దూరంగా వేయించు. జేసీబీ మాత్రం ఆ చుట్టుపక్కలకు రానివ్వద్దు.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. మొదటి పని టేపు కంటే, అర్జీ కంటే ముందు చేయాల్సింది. ఆ పొలం రైతు ఇంటికి వెళ్ళు. కుర్రాళ్ళందరినీ వెంటేసుకుని పోవద్దు. నువ్వొక్కడివే, సాయంత్రం ఆయన పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కున్నాక పో. ఆయన భయం ఒక్కటే ఉంటుంది, గవర్నమెంటు వాళ్ళు వచ్చి భూమి లాక్కుంటారని. అది చిన్న భయం కాదు, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. "ఏమీ కాదు పెద్దాయనా" అని నీకు తెలియని హామీ ఇవ్వకు. తెలిసింది చెప్పు. జాతీయ ప్రాముఖ్యం ఉన్నదని కేంద్రం ప్రకటించిన కట్టడాల చుట్టూ 100 మీటర్లలో నిర్మాణాలు చేయకూడదని 2010లో చట్టం సవరించారు. ఇది అలాంటి జాబితాలో ఉన్నది కాదు. ఇప్పుడు మనం అడిగేది దాన్ని చూడమని, కొలిచి రాసిపెట్టమని, రాష్ట్ర చట్టం కింద రక్షించమని. అదీ దాచకుండా చెప్పు. ఆ పొలం గురించి ఆయన తాత ఏం చెప్పేవాడో అడుగు. అరక తోలుతుంటే నాగలికి ఏం తగిలేది, వలయంలోని రాళ్ళు ఏ బావికి, ఏ కల్వర్టుకు పోయాయి? ఆ కబుర్లను ఆయన మాటల్లోనే ఫోనులో రికార్డు చేసి పెట్టుకో. అవి ఆయనతోపాటే పోతాయి. ఆయన ఒప్పుకోకపోతే ఆగు. నెల తర్వాత మళ్ళీ వెళ్ళు. రైతు మనసు విరిగితే ఒక్క రాత్రిలో ఆ రాళ్ళు గట్టు మీదకు చేరతాయి.

ఆయన సరే అన్నాక కొలత. నాకు బాగా తెలిసిన పని ఇదే, కొంచెం విసిగించినా ఓర్చుకో. సంక్రాంతి దాటి గడ్డి ఎండాక, పొద్దున్నే ఎండ ఏటవాలుగా పడే వేళ పో. మిట్టమధ్యాహ్నం కనబడని వలయాలు ఆ నీడల్లో తేటగా తెలుస్తాయి. ఒకటి ఉన్నచోట పది ఉండే అవకాశం ఎక్కువ, కాబట్టి చుట్టూ తిరిగి చూడు. ముందుగా మీ గ్రామ సర్వేయర్ని అడిగి ఆ సర్వే నంబరు ఎఫ్ఎంబీ, అంటే పొలం కొలతల పటం, నకలు తీసుకో. 2020 చివర రాష్ట్రంలో మొదలైన భూముల రీసర్వేలో మీ ఊరు పూర్తయి ఉంటే డ్రోన్ తీసిన మ్యాపు కూడా ఉంటుంది, దాన్ని జూమ్ చేసి చూడు. తర్వాత పొలంలో కదలని సర్వే రాళ్ళు రెండు వెతుకు. ఆ రెండింటి నుంచి వలయం మధ్యకు 30 మీటర్ల టేపుతో దూరం తీసుకో. ఫోనులో జీపీఎస్ ఉంది కదా అంటావు. అదీ రాసుకో. కానీ అది నాలుగైదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది, రాయి నుంచి రాయికి తీసిన కొలత మాత్రం తప్పదు. వలయం వ్యాసం, రాళ్ళు ఎన్ని, ఒక్కో రాయి ఎత్తు, పలకరాయి ఏ దిక్కుకు ఉంది, అన్నీ ఒక నోటుబుక్కులో తేదీ వేసి రాయి. ప్రతి ఫోటోలో ఒక స్కేలు, ఉత్తరం చూపే బాణం గుర్తు ఉండాలి. మనుషులు నవ్వుతూ నిలబడ్డ ఫోటోలు వేరే తీసుకోండి.

నేల మీద పెంకులు, ఇనప చిట్టెం (ఇనుము కరిగించినప్పుడు మిగిలే గడ్డలు) కనబడితే ఉన్నచోటే ఫోటో తీసి వదిలెయ్. జేబులో వేసుకోవద్దు, కడగొద్దు.

ఒక అనుమానం మాత్రం మనసులో ఉంచుకో. రాళ్ళగుట్టలన్నీ సమాధులు కావు. పొలం బాగు చేసుకునేటప్పుడు రైతులు ఏరి పోసిన రాళ్ళు కూడా గుట్టలే. అవి గుండ్రంగా ఉండవు, రాళ్ళు చిన్నవి, పెద్దవి కలగలిసి ఉంటాయి. వలయం అయితే బయటి బండలు దాదాపు ఒకే పరిమాణంలో నేలలో దిగబడి ఉంటాయి. రాళ్ళు లేకుండా బూడిదరంగు మన్ను, పెంకులు ఉన్న దిబ్బ అయితే అది ఊరుండిన చోటు, పాటిదిబ్బ. సమాధులు ఉన్నాయంటే ఆ మనుషులు బతికిన పాటి కూడా దగ్గర్లో, నీళ్ళకు దగ్గరగా ఉండవచ్చు. పాటిమన్ను పొలానికి బలమని ట్రాక్టర్లతో తోలుకుపోయి మన జిల్లాల్లో ఎన్నో పాటిదిబ్బల్ని చదును చేశారు. మీ చెరువు అలుగు వైపు అలాంటిదేమైనా ఉందేమో చూడు.

ఇక కాగితాల సంగతి. ముందు పంచాయతీ తీర్మానం సంపాదించు. గ్రామసభలో పదిమంది మధ్య చదివి రాయించిన తీర్మానం ఉంటే, తర్వాత వచ్చే అధికారి నిన్ను ఒంటరివాడిగా చూడడు. దానికి నీ కొలతలు, స్కెచ్చు, ఫోటోలు జతచేసి రాష్ట్ర పురావస్తు, ప్రదర్శనశాలల శాఖకు ఒకటి, తహసీల్దారుకు ఒకటి పంపు. కలెక్టరేట్‌లో సోమవారం జరిగే గ్రీవెన్స్‌లో ఒకటి ఇచ్చి రసీదు తీసుకో. అర్జీ ఒక్క పేజీ దాటనివ్వకు. మన చరిత్ర, మన సంస్కృతి అని పేరాలు పేరాలు రాయొద్దు. సర్వే నంబరు, ఎన్ని వలయాలు, ఇప్పుడున్న ముప్పు ఏమిటి, మనం అడిగేది ఏమిటి, అంతే. 1960 నాటి రాష్ట్ర పురాతన కట్టడాల చట్టం కింద పరిశీలించి రక్షిత స్థలంగా ప్రకటించమని అడుగు. తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో, కడప యోగి వేమన యూనివర్సిటీలో పురావస్తు శాస్త్రం చెప్పే విభాగాలున్నాయి. వాళ్ళకూ రాయి. పరిశోధన చేసే పిల్లలకు కొత్త చోటు దొరకడం వరం లాంటిది, ఆఫీసుల కంటే వాళ్ళే ముందు వస్తారని నా నమ్మకం. తవ్వాల్సి వస్తే భారత పురావస్తు సర్వేక్షణ శాఖ అనుమతితో వాళ్ళు తవ్వుతారు. అప్పుడు నువ్వు, నీ కుర్రాళ్ళు పక్కన నిలబడి మట్టి జల్లెడ పట్టండి. అంతకన్నా మంచి చదువు ఉండదు.

పాత రికార్డులు కూడా తిరగెయ్యి. 1882లో రాబర్ట్ సీవెల్ అనే దొర మద్రాసు ప్రెసిడెన్సీలోని పురాతన శిథిలాల జాబితా అచ్చువేశాడు. నెల్లూరు జిల్లా భాగం అందులో ఉంది. కందుకూరు, కనిగిరి వైపున్న నీ స్నేహితులకు కూడా ఈ మాట చెప్పు. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. అంతకుముందు వాళ్ళ ఊళ్ళు నెల్లూరు లెక్కల్లోనే ఉండేవి. గిద్దలూరు, మార్కాపురం వాళ్ళయితే కర్నూలు లెక్కల్లో చూడాలి. మీ ఊరి పేరు దొరకలేదని దిగులుపడొద్దు, ఆ దొర చూడనివి చాలా ఉన్నాయి.

నాకు ఎక్కువ టెన్షన్ పెడుతున్న విషయం ఒకటుంది. ఫేస్‌బుక్‌లో పెట్టొద్దు, వాట్సాప్ గ్రూపుల్లో లొకేషన్ పంపొద్దు. గుప్తనిధుల పిచ్చి మన వైపు ఎంత ఉందో నీకు తెలుసు. అమావాస్య రాత్రి నిమ్మకాయలు, కుంకుమ పట్టుకుని వచ్చేవాళ్ళు నీ రాతి పెట్టెను తెల్లారేసరికి ముక్కలు చేస్తారు. బంగారం కోసం వస్తారు, మట్టికుండ కనబడితే కోపంతో పగలగొట్టి పోతారు. గుండ్లకమ్మ ఒడ్డున చందవరం బౌద్ధ స్తూపం సంగతే చూడు. అది ప్రభుత్వమే తవ్వించిన చోటు. అయినా అక్కడి చెక్కడం ఒకటి దొంగల చేతుల్లో పడి, దేశం దాటి, ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీకి చేరింది. 2016లో గానీ వాళ్ళు తిరిగి అప్పగించలేదు. అలాంటిచోటే అంత జరిగితే, కాపలా లేని మీ చిల్లకంపలో ఏం జరుగుతుందో ఆలోచించు. పశువులు కాసేవాళ్ళకు, జీవాల వాళ్ళకు సంగతి చెప్పి ఉంచు. కొత్త మనుషులు కనబడితే మొదట తెలిసేది వాళ్ళకే.

పొరపాటున ఎవరికైనా నాణెమో, బంగారు పూసో దొరికితే దాచనివ్వకు. 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ ఉంది. భూమిలో దొరికిన దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. దాచినవాడికి శిక్ష ఉంటుంది.

ఇదంతా జరగడానికి ఏడాది పట్టొచ్చు, మూడేళ్ళూ పట్టొచ్చు. అర్జీకి జవాబు రాకపోతే మూడు నెలలకోసారి పాత రసీదు నంబరు వేసి మళ్ళీ రాయి. నీ కుర్రాళ్ళు ఈలోగా నీరసపడతారు. వాళ్ళకు ఒక పని ఉండాలి. చుట్టుపక్కల ఊళ్ళకు ఇద్దరిద్దరిగా పంపి, ముసలివాళ్ళను అడిగి, రాక్షసగుడి, పాండవగుడి, పాటి అనే పేర్లున్న పొలాలన్నీ రాయించు. పేర్లలో చాలా దాగి ఉంటాయి.

ఆదివారం ఉదయం బస్సుకు నేను వస్తున్నాను. నా పాత టేపు, దిక్సూచి తెస్తాను. మోకాళ్ళ నొప్పులని మీ అమ్మ కేకలేస్తుంది, ఆమెకు నువ్వే సర్దిచెప్పు. శనివారం లోపు ఆ రైతును కలిసి ఆయన ఏమన్నాడో ఫోన్ చెయ్యి. ఆయన వద్దంటే మనం గట్టు మీద కూర్చుని దూరం నుంచి చూసి వద్దాం.

మీ మామయ్య